పటం వెనుక గోడ

రేపు అధికారి వస్తాడనగా ఆయా ప్రపంచపటాన్ని చంకన పెట్టుకొని మూడో తరగతిలోకి వచ్చింది. గోడ నెర్రె విచ్చినప్పటినుంచీ ఏటా తనిఖీ రోజున ఆ పటం అక్కడ వేలాడేది. చెమ్మ పట్టిన మూలకు బీరువా అడ్డం జరిపేవారు. మంచి బెంచీలన్నీ ముందుగదికి చేరేవి. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నట్టు, బడిని చూసి తమను చూస్తారని పెద్దమాస్టారి పట్టుదల. వచ్చినవాళ్లు అంతా బాగుందని రాసుకొని పోయేవారు. బాగున్న బడికి మరమ్మతు ఎవరు చేయిస్తారు?

మాస్టారు పోయి నాలుగు నెలలు. ఆయన భార్య, మూడో తరగతి టీచరమ్మే ఇప్పుడు బడికి పెద్ద. నిరుటి వానలకు కప్పు కారి పిల్లలంతా వరండాలో ముడుచుకొని చదివారు. ఈసారీ మరమ్మతు రాకపోతే గదికి తాళం వేయాల్సిందే. పిల్లలు పెద్దరోడ్డు దాటి అవతలి బడికి పోవాలి. సగంమంది పోరనీ, ఇంట్లోనే ఉండిపోతారనీ ఆమెకు తెలుసు.

"పటం తగిలించే మేకు ఎక్కడ పెట్టారమ్మా?" అంది ఆయా.

"వద్దులే. పటం లోపల పెట్టెయ్."

"అయ్యో, నలుగురిలో నగుబాటు కాదూ? మాస్టారు ఒప్పుకునేవారేనా?"

పొద్దున్నే ఆయా మూలకు జరిపిన బీరువాకు టీచరమ్మ భుజం ఆనించి వెనక్కి నెట్టసాగింది.

"చూస్తావేం, ఓ చెయ్యి వెయ్యి."

మర్నాడు అధికారి నెర్రెలో వేలు పెట్టి చూశాడు. రెండో కణుపు దాకా దిగింది.

"కిందటేడు నేనే వచ్చాను కదమ్మా. ఇది కనబడలేదే?"

"మేమే కనబడనివ్వలేదండీ. ఇంటిగుట్టనుకున్నాం." ఆమె బెంచీల వైపు చూసింది. "ఇది మా ఇల్లు కాదు కదండీ. అందరి పిల్లలదీ."

వెనకబెంచీలో ఓ పిల్ల లేచింది. "సార్, వానొస్తే మేం చుక్కలు లెక్కపెడతాం సార్. నాకు నూటపదొచ్చాయి!"

"కోతలు సార్! దీనికి వంద దాటి లెక్కే రాదు," అంది పక్కపిల్ల.

అధికారికి నవ్వు వచ్చింది, నిలవలేదు. చిన్న బెంచీలో మోకాళ్లు ఇరికించుకొని కూర్చొని చాలాసేపు రాశాడు.

"వానలకు ముందే గోడ కట్టించి కప్పు వేయించాలి," అన్నాడు లేస్తూ. "జాబితాలో మొదటి పేరు మీ బడిదే."

ఆయన వెళ్లాక ఆయా గుమ్మానికి చేరగిలబడింది. "మాస్టారే ఉంటే ఈ పనికి వారంరోజులు మీతో మాట్లాడేవారు కాదు."

"మాట్లాడకపోతే మానె," అంది టీచరమ్మ. "ఎదురుగా కూర్చుంటే చాలు."