వెలుతురు పరీక్ష

జెపారా ఊళ్లో, విదేశాలకు సామాను పంపే గోదాములో టేకు బల్లలకు అట్ట చుట్టడం, మూలలకు స్పాంజి కట్టడం, కంటైనరులో తేమ పీల్చే సంచులు వేలాడదీయడం సులాసిహ్ పని. సామాను ఎక్కించే ముందు ఆ కంటైనరు పెట్టెకు చిల్లులున్నాయేమో చూసే పని మూడేళ్ల కిందటి వరకూ ఆమె భర్త కస్మూరిది. ఖాళీ పెట్టెలో ఒకరు నిలబడితే బయటివాళ్లు తలుపులు మూసేస్తారు. లోపల ఎక్కడ వెలుతురు చుక్క కనిపించినా ఆ పెట్టె పనికిరాదు.

కస్మూరి చివరిసారి బాగుందన్న పెట్టెలోకి దారిలో నీరు దిగింది. రోటర్‌డామ్‌లో తెరిస్తే బల్లల నిండా బూజు. "గుడ్డి కస్మూరి" అని గోదామంతా నవ్వింది. ఆర్నెల్లు తిరక్కుండానే అతను పోయాడు.

ఈ రోజు చూసేవాడు రాలేదు. మేస్త్రీ దర్సోనో ఆమెకు మరిది.

"నువ్వెక్కు వదినా. మా అన్న కళ్లకంటే నీ కళ్లు నయమేలే."

అందరూ నవ్వారు. ఆమె ఎక్కింది.

తలుపులు మూసుకున్నాయి. ఎక్కడా వెలుతురు లేదు. బాగుందని తలుపు తట్టబోయి ఆగింది. పక్కన ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. కస్మూరి కాల్చే లవంగాల సిగరెట్టు వాసన. ఆమెకు భయం వేయలేదు; ఆ ఊపిరి ఎవరిదో తెలుసు, అంతే.

"అయిందా వదినా? నిద్రపోయావా? లారీవాడు నా బుర్ర తినేస్తున్నాడు!"

"తెరవకు. ఇంకాసేపు."

అన్నాక ఆమెకు గుర్తొచ్చింది. అవి కస్మూరి మాటలు. అతను చివరి పెట్టె చూసిన రోజు బయట గడియ దగ్గర నిలబడింది తనే. కళ్లు చీకటికి అలవాటు పడలేదు, ఇంకాసేపు అన్నాడు. లారీ హారను మోతకు విసిగి తను తెరిచేసింది. అతను ఎండకు కళ్లు చికిలించుకుంటూ దిగి, బాగానే ఉందన్నాడు. తర్వాత ఎంతమంది నవ్వినా, తొందరపడి తెరిచింది ఆమేనని అతను చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు.

చాలాసేపటికి పైమూలన నువ్వుగింజంత వెలుతురు తేలింది. ఆరింది. మళ్లీ వెలిగింది. తనకూ దానికీ మధ్యలోంచి ఎవరో నడిచి వెళ్లినట్టు.

ఆమె తలుపు తట్టింది.

"చిల్లుంది. వేరే పెట్టె తెప్పించు."

"ఇవాళ్టి ఓడ పోతుంది వదినా! ఇంతోటి చిల్లుకి..."

"ఆ రోజు పెట్టెకూ ఉండే ఉంటుంది. మీ అన్న ఆగమన్నాడు దర్సోనో. నేనే ఆగలేదు. చూడకముందే తెరిచేశాను."

ఎవరూ నవ్వలేదు. దర్సోనో టోపీ తీసి చేతిలో నలిపాడు. "ఇన్నాళ్లూ..." అన్నాడు. లారీవాడి వైపు తిరిగి, "వెనక్కి తీసుకుపో" అన్నాడు.

చెప్పేస్తే గుండె తేలికవుతుందనుకుంది. కాలేదు. పెట్టె తలుపులు మూయడానికి ఎవరూ ముందుకు రాలేదు. సులాసిహ్ వెళ్లింది. గడియ పట్టుకుని, లోపలున్న మనిషి దిగడానికి దారి వదిలినట్టు పక్కకు తప్పుకుని నిలబడింది. ఈసారి హారను ఎంతసేపు మోగినా ఆమె కదల్లేదు.