తోక లేని మిషను

గోదావరి మా లంకలో ఇళ్ల చూరుల దాకా ఎక్కిన వరద తర్వాత పదో ఏడు అది. అప్పటికి మేం మద్రాసు వదిలి ఫిల్మ్‌నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని కొంతకాలమైంది. నేను లైట్‌మన్‌గా చేశాను. నా భార్య నాగేశ్వరి గ్రూపు డాన్సరు. హీరోయిన్ వెనక మూడో వరసలో ఆడేది. ఇద్దరం ఆపాటికి పని మానేశాం.

ఆ వేసవిలో నాగేశ్వరి తడి గచ్చు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గాని భయం పోలేదు. మంచం మీంచి వరండాలో పేము కుర్చీకి, కుర్చీలోంచి మళ్లీ మంచానికి. అదీ శకుంతలమ్మ భుజం పట్టుకునే. శకుంతలమ్మ రహమత్ నగర్ నుంచి వచ్చి మాకు వంట చేసేది.

"ఇప్పుడు నడవకపోతే ఇంక నడవలేరు. ఆ కుర్చీయే గతి" అన్నాడు డాక్టరు. ఆమె ఎదుటే అన్నాడు. ఆమె గోడ వైపు చూసింది.

ఒకనాడు మాత్రం, "ఆ జామచెట్టు కింద కూర్చోవాలనుంది" అంది. వరండాకీ చెట్టుకీ మధ్య వానలకి గడ్డి పిక్కల దాకా పెరిగి ఉంది.

"పురుగూ పుట్రా ఉంటాయి. వద్దులెండి" అని మళ్లీ తనే అంది.

ఆ రోజుల్లోనే కెమెరామన్ సూర్యప్రకాశరావు గారు పాట తీయడానికి సింగపూర్ వెళ్లొచ్చారు. కెమెరా పెట్టెలతో పాటు గడ్డి కోసే మిషను తెచ్చారు. నాలుగు రోజులు వాళ్లింట్లో నడిపి చూసి, తీసుకొచ్చి మా గుమ్మంలో దింపారు.

"నా కెమెరా చుట్టూ కేబుళ్లు లాగి లాగి నన్ను తిట్టుకున్నావు కదా చలపతీ. దీనికి కేబులే లేదు."

"కరెంటు?"

"కడుపులో ఉంటుంది. రాత్రంతా ప్లగ్గులో పెట్టు, చాలు."

శకుంతలమ్మ నడుం మీద చేయి పెట్టుకుని దాని చుట్టూ తిరిగింది. "గిదేంది పెద్దయ్యా, తోక లేని ఎలుక తీర్గున్నది. గిది గడ్డి కోస్తదా?"

"కోస్తుంది."

"మీరు దినానికి ఎన్ని మాటలు మాట్లాడ్తరో గన్ని పోచలు కోస్తదేమో."

నాగేశ్వరి నవ్వలేదు.

ఆ రాత్రి పెరటి గదిలో దాన్ని ప్లగ్గులో పెట్టి పడుకున్నాను. మర్నాడు సాయంత్రం మబ్బు విడి పసుపు ఎండ వచ్చింది. ఆ వెలుగు సెట్లో పుట్టించాలంటే మాకు సగం రోజు పట్టేది. మిషను వరండా మెట్టు దగ్గర పెట్టి మీట నొక్కాను. తేనెపట్టులోంచి వచ్చినట్టు సన్నటి రొద. నెడితే కదిలింది. తీగ ఎక్కడ చిక్కుకుంటుందోనని మాటిమాటికీ వెనక్కి చూశాను. వెనక ఏమీ లేదు. నా చేయి మాత్రం లేని తీగని పక్కకి విదిలిస్తూనే ఉంది.

కోసిన మేర గడ్డి తెల్లగా మెరిసింది. డాన్సర్లు ఎక్కడ నిలబడాలో నేల మీద సుద్దతో గీసే మార్కులా ఉంది. చీర వెడల్పున బాట అయ్యేలా పోతూ వస్తూ కోశాను. పచ్చి వాసన లేచి కళ్లకి మత్తుగా ఉంది. ఆ రొదలో నేను నడుస్తున్నానో, నేలే వెనక్కి జరుగుతోందో తెలియలేదు.

సగం దూరంలో తిరిగి చూస్తే నాగేశ్వరి మెట్టు దిగి ఉంది. చేయి స్తంభం మీద ఉంది. తర్వాత లేదు. ఆమె కాళ్ల వైపు చూసుకోవడం లేదు. కెమెరా వైపు చూసినట్టు నా వైపు చూస్తోంది. మిషను ఆపితే తనూ ఆగిపోతుందని భయమేసింది. ఆపలేదు. ముందు కెమెరా ట్రాలీ జరుగుతుంటే వెనక ఆర్టిస్టు నడిచినట్టు, నేను మెల్లిగా ముందుకి, తను ఆ తెల్లటి బాట మీద నా వెనక. ఎండ ఆమె జుట్టు వెనక నిలబడింది.

రొద సన్నగిల్లి ఆగిపోయింది.

ఆమె కూడా ఆగింది. ముందు కోయని గడ్డి. పట్టుకోవడానికి ఏమీ లేదు. చేయి గాలిలో వెతికింది.

"ఏమైంది?"

"అయిపోయింది. ఛార్జి."

"రాత్రంతా పెట్టారు కదా."

అప్పుడు గుర్తొచ్చింది. ప్లగ్గులో పెట్టి, పెరటి గదిలోంచి వస్తూ ఆ గది మెయిన్ స్విచ్చి దించేశాను. సెట్లో లైట్‌మన్ ఆఖరున చేసే పని అదే. చేయి తనంతట తనే స్విచ్చి మీదికి పోయింది. రావుగారింట్లో ఎక్కిన కాస్త ఛార్జితోనే ఇంత దూరం వచ్చాం.

నా మొహం చూసి కనిపెట్టింది. "పేకప్ చెప్పి మెయిన్ దించేశారా?"

తల ఊపాను.

నవ్వింది. పడ్డాక అదే మొదటిసారి. నవ్వుతూ ఊగింది. నేను చేయి చాచాను. ఊగింది గాని పడలేదు.

"పట్టుకోకండి. మార్కు ఇంతవరకే వేశారు. మిగతాది రేపు వేయండి. నేను వెనక్కి వెళతాను."

వెళ్లింది. నేను పక్కన గడ్డిలో నడిచాను. వంటింటి గుమ్మంలో శకుంతలమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మా, గట్లెట్ల నడిచినవ్?"

"నువ్వు ముందు గచ్చు తుడువు. తడి ఉంటే ఒప్పుకోను" అంది నాగేశ్వరి.

ఆ రాత్రి మిషను ప్లగ్గులో పెట్టాను. మెయిన్ దించకుండా చేతులు వెనక్కి కట్టుకుని గదిలోంచి వచ్చాను.

పొద్దున్నే, ఆమె లేవకముందు, పేము కుర్చీ వరండాలోంచి తీసుకెళ్లి జామచెట్టు కింద వేశాను. తర్వాత ఆమె ఆగిన చోటు నుంచి కుర్చీ కాళ్ల దాకా గడ్డి కోశాను.