వీపు వెనక వేళ్లు

వాలీబాల్‌లో బంతి మనవైపు నేల తాకకూడదు. మూడు తాకుళ్లలోపు నెట్ దాటించాలి. ముందు ముగ్గురు, వెనక ముగ్గురు. ఇంత తేలికైన ఆటలో, ఊరికే అలుగుతుందని అందరూ బుంగమూతి అని పిలిచే పిల్లకి బంతి తప్ప అన్నీ కనబడుతున్నాయి. ముఖ్యంగా అక్క వేళ్లు.

అక్కంటే పెదనాన్న కూతురు. జట్టు కెప్టెన్. బుంగమూతికి సరిగ్గా ముందు, నెట్ దగ్గర నిలబడుతుంది. ఈ సాధన ఆట కాగానే రేపటి పోటీకి ఆరుగురిని ఆటల మాస్టారు ఎంచుతారు. అక్క ప్రాణస్నేహితురాలేమో జట్టులో చోటు కోసం కోర్టు వెనక బెంచీ మీద కాచుకుని కూర్చుంది. మరి అనుమానం రాదా ఎవరికైనా?

బుంగమూతి ఒక బంతి వదిలేసింది. మళ్లీ తమ సర్వీస్ వచ్చినప్పుడు అక్క చెయ్యి వీపు వెనక్కి పోయింది. ఒక వేలు! బెంచీ మీద స్నేహితురాలు కిసుక్కున నవ్వింది. బుంగమూతి ఆ నవ్వు చూస్తుండగానే బంతి పక్కనే నేల తాకింది. తర్వాతిసారి రెండు వేళ్లు! తన తప్పుల లెక్క బెంచీకి చేరిపోతోందన్నమాట. కోపంతో ఆ బంతినీ వదిలేసింది.

నీళ్లు తాగడానికి ఆగగానే అక్కను నిలదీసింది.

"నా తప్పులు వేళ్లతో లెక్కపెట్టి దానికి చూపిస్తున్నావు కదూ? నన్ను తీసేసి దాన్ని పెట్టించాలనేగా?"

అక్క నోరెళ్లబెట్టింది. "అవి నీకేనే మొద్దూ! ఒకటైతే కోర్టు పక్క గీత వైపు నేను ఎగిరి అడ్డుకుంటా, నువ్వు లోపలికి జరగాలి. రెండైతే లోపలి వైపు నాది, గీత నీది. మాస్టారు మొదటి రోజే చెప్పారుగా?"

మొదటి రోజు బుంగమూతి ఇంట్లో ఉంది. అక్కను కెప్టెన్ చేశారని అలిగి. ఆ సంగతి దాటేసి మాట మార్చింది.

"మరి అది ఎందుకు నవ్వింది?"

"వేళ్లకేసి గుడ్లప్పగించి చూస్తూ కూడా నువ్వు కదలట్లేదని!"

"నేనన్ని వదిలేస్తుంటే ఒక్కసారైనా వెనక్కి తిరగలేదేం?"

"నువ్వున్నావు కదాని."

బుంగమూతికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మళ్లీ ఆట మొదలైంది. రెండు వేళ్లు. బుంగమూతి గీత దగ్గరికి పరిగెత్తింది. బంతి నేరుగా వచ్చి చేతుల మీద పడి పైకి లేచింది. బెంచీ మీద స్నేహితురాలే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఆట అయ్యాక అందరూ మాస్టారి ముందు నిలబడ్డారు. అక్క ముందు వరుసలో, బుంగమూతి సరిగ్గా ఆమె వెనక.

"అయిదుగురు తేలారు. నీ వెనక ఎవరు కావాలమ్మా కెప్టెన్?" అన్నారు మాస్టారు.

అక్క తల తిప్పలేదు. చెయ్యి వీపు వెనక్కి పోయింది. ఒక్క వేలు బుంగమూతి వైపు చాచింది.

అది ఎవరికోసమో ఈసారి బుంగమూతి అనుమానపడలేదు.