పళ్ళకీ చేపలకీ ఒకే లెన్సు

అక్క పళ్ళ డాక్టరు. తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. వారమంతా పైకీ కిందికీ తిరిగి తిరిగి విసుగెత్తిపోయి, ఆదివారం మాత్రం కిందికే వెళ్ళేవాడు. వీపున గాలి సిలిండరు కట్టుకుని, సముద్రంలోకి.

ఇద్దరికీ కలిపి ఒకటే కెమెరా. ఆరు రోజులు అది క్లినిక్కులో పేషెంట్ల నోళ్ళలోకి తొంగిచూసేది. ఏడో రోజు తమ్ముడు దాన్ని నీళ్ళు చొరబడని పెట్టెలో బిగించి చేపల మధ్యకి దించేవాడు. ఈ ఉమ్మడి కాపురం మూడేళ్ళు సాఫీగానే సాగింది. ఒక శనివారం పొద్దున లెన్సు బిగుసుకుపోయింది. ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు.

"ఉప్పు పట్టింది. అంతా నీ సముద్రం చలవ," అంది అక్క.

"పెట్టెలో ఉంటే ఉప్పెలా పడుతుందక్కా? పళ్ళ అచ్చులు తీసే పిండి చేతులతో నువ్వే ముట్టుకుంటావు. అదే గట్టిపడింది."

"నేను గ్లవుజులు వేసుకుంటానురా!"

"ఆ పిండి ఉండేది ఆ గ్లవుజులకే."

ముందుగదిలో రిజిస్టరు చూసుకునే పిన్ని తలుపు ఓరగా తీసింది. పేర్లు పిలవడం, వరస తప్పినవాళ్ళని కూర్చోబెట్టడం, డాక్టరమ్మని తిట్టడం, మూడూ ఆవిడ డ్యూటీలే. "మీ పోట్లాటకి బయట ఒకాయన పంటినొప్పి మర్చిపోయి నవ్వుతున్నాడు. దాన్ని పట్టుకెళ్ళి ఎవరికైనా చూపించండి."

సాయంత్రం ఇద్దరూ కెమెరాల కొట్టుకి వెళ్ళారు. మెట్ల కింద ఇరుకు గది. అరవై దాటిన ఒకావిడ, మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడేసుకుని కూర్చునుంది. లెన్సు విప్పింది. బల్లమీద నల్లగుడ్డ పరిచి దానిమీద రెండుసార్లు తట్టింది. తెల్లటి రేణువులు కొన్ని రాలాయి. తెల్లటి పొడి కొంత రాలింది.

"ఇది ఉప్పు," అందావిడ, రేణువుల్ని వేలితో పక్కకి తోసి. "ఈ పొడేమిటో నాకు తెలీదు."

"నాకు తెలుసు," అన్నాడు తమ్ముడు, అక్క వంక చూస్తూ.

"ఇది బాగుపడదు. కొత్తది తీసుకోండి. ఇంతకీ మీరేం తీస్తారు?"

"పళ్ళు," అంది అక్క.

"చేపలు," అన్నాడు తమ్ముడు, ఆ మాట మీదే.

ఆవిడ కళ్ళజోడు పైకెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "చేపల పళ్ళా?"

విషయం అర్థమయ్యేసరికి పావుగంట పట్టింది. తమ్ముడికి వెడల్పుగా చూపించే వైడ్ లెన్సు కావాలి. విప్పిన గొడుగంత వెడల్పూ, కొరడాలాంటి తోకా ఉన్న టేకుచేప ఒకటి ఆ రాళ్ళ దగ్గర తిరుగుతోందని మూడు నెలలుగా కలవరిస్తున్నాడు.

"వైడ్ లెన్సుతో నోట్లో ఫొటో తీస్తే ముక్కూ, చెవులూ, కుర్చీ, కుర్చీ పక్కన నేనూ అందరం పడతాం. పుచ్చిన పన్ను మాత్రం ఆవగింజంత కనిపిస్తుంది," అంది అక్క.

"పోనీ, దూరం నుంచి లాగి తీసే జూమ్ తీసుకో. నువ్వు నీ కుర్చీలోంచి లేవక్కర్లేదు. నేనూ చేపని బెదరగొట్టక్కర్లేదు."

కొట్టావిడ తల అడ్డంగా ఊపింది. "నీళ్ళలో దూరం పనికిరాదు బాబూ. మధ్యలో ఉన్న నీళ్ళే పొగమంచులా అడ్డుపడతాయి, రంగులు మింగేస్తాయి. పెద్దదైనా చిన్నదైనా మీదమీదకి వెళ్ళి తీయాల్సిందే. పెద్దవాటికి వైడ్, చిన్నవాటికి మాక్రో. పెట్టెలో బిగించి దిగాక మార్చుకోవడం కుదరదు. ఒడ్డున ఏది తగిలిస్తే ఆ పూటకి అదే."

"మాక్రో అంటే?" అంది అక్క.

"పిసరంతదాన్ని తెరనిండా చూపిస్తుంది. ఇదిగో, అరవై మిల్లీమీటర్ల మాక్రో. పళ్ళకి ఇంతకంటే మంచిది లేదు. ఇంట్లో మనుషుల్ని తీసుకోవచ్చు. నీళ్ళలో చిన్న చిన్న ప్రాణుల్ని తీయొచ్చు."

"మరి పెద్ద ప్రాణులు?" అన్నాడు తమ్ముడు.

"తీయొచ్చు. ముక్కలు ముక్కలుగా."

"వారంలో ఆరు రోజులు నావి," అంది అక్క. "కాబట్టి ఆరు ఓట్లు నావి."

అలా మాక్రో ఇంటికొచ్చింది. వస్తూనే గుమ్మంలో నిలబడ్డ పిన్నిని తీశాడు తమ్ముడు. పిన్ని ఆ బొమ్మని చాలాసేపు చూసింది.

"ఎవర్రా ఈ ముసలావిడ?"

"నువ్వే పిన్నీ."

"గడ్డం మీద ఆ వెంట్రుక?"

"అదీ నీదే."

"కాస్త వెనక్కి జరిగి తీయరాదట్రా! నా చర్మం లోపలేముందో చూపించమన్నట్టు తీశావు." ఆ తర్వాత కెమెరా కనిపిస్తే చాలు, పిన్ని రిజిస్టరు ముఖానికి అడ్డం పెట్టుకునేది.

మర్నాడు తమ్ముడు సముద్రంలోకి దిగాడు. దిగిన పది నిమిషాలకే టేకుచేప వచ్చింది, మూడు నెలలుగా రానిది. సరిగ్గా అతని నెత్తిమీదుగా నింపాదిగా వెళ్ళింది. ఆత్రంగా కెమెరా ఎత్తి చూస్తే, బూడిదరంగు గోడ. ఇంకాస్త తిప్పి చూస్తే అదే గోడ, పక్కన ఒక మచ్చ. అక్కని తిట్టిన తిట్లన్నీ బుడగలై పైకి పోయాయి.

అలిగి ఇసకమీద ఒక రాయి పక్కన చతికిలబడ్డాడు. అలకలో ఎటో చూడాలి కదా, రాయిని చూశాడు. రాయి మీద గోరంత గులాబీ రంగు ముద్ద ఒకటుంది. అది కదిలింది. ముందు రెండు చిన్న కొమ్ములు, వెనక తెల్లటి కుచ్చులు, ఒళ్ళంతా తడితడిగా మెరుపు. పెంకు లేని సముద్రపు నత్త. ఈ మూడేళ్ళలో ఇలాంటివాటి మీదుగా ఎన్నిసార్లు ఈదుకుంటూ పోయాడో అతనికే తెలీదు. ఊపిరి మెల్లమెల్లగా వదులుతూ వంగాడు. అల ఊపినప్పుడల్లా బొమ్మ చెదిరిపోయేది. నలభై తీస్తే తొమ్మిది కుదిరాయి.

సోమవారం పొద్దున ఆ ఫొటోలు కెమెరాలోంచి తీసేద్దామని క్లినిక్కులో కూర్చున్నాడో లేదో, ఎక్కడో లిఫ్టులో ఇద్దరు లాయర్లు ఇరుక్కుపోయి ఒకరిమీద ఒకరు కేసు వేసుకునేలా ఉన్నారని ఫోనొచ్చింది. కెమెరా అక్కడే పెట్టేసి పరిగెత్తాడు.

ఆ రోజు మొదటి పేషెంటు బస్సు డిపో మేనేజరు. గుబురు మీసాలు, గంభీరమైన గొంతు. "నాకు పళ్ళ జబ్బేమీ లేదండీ. మా ఆవిడ పోరు పడలేక వచ్చాను," అంటూ కుర్చీలో వాలాడు. అక్క ఎడమవైపు చివరి పన్నుని రెండు ఫొటోలు తీసి, వైరు తెరకి తగిలించి, మీట నొక్కి, చేతులు కడుక్కోవడానికి అటు తిరిగింది. కార్డులో ముందురోజువి మొదలుకుని అన్నీ ఒక్కొక్కటిగా తెరమీదకి రావడం మొదలైంది.

"కనిపిస్తోందా అండీ?" అంది అక్క, వెనక్కి తిరక్కుండానే.

మేనేజరు తెరమీది గులాబీ రంగు ముద్ద వంక మెడ చాచి చూశాడు.

"ఇది... నాదేనా?"

"మీదే కదండీ మరి. ఎడమవైపు, చివర్న."

"ఎన్నాళ్ళనుంచి ఉందంటారు?"

"ఏడాది పైమాటే. మెల్లగా పెరుగుతూ వచ్చుంటుంది."

"నాకు నొప్పే తెలీలేదే!"

"మొదట్లో తెలీదు. చప్పుడు చెయ్యకుండా లోపల్లోపలే తినేస్తూ పోతుంది. మీరు పళ్ళు తోముకోకుండా పడుకుంటారు చూడండి, అప్పుడు దానికి మరీ హాయి."

మేనేజరు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. తెరమీద ఫొటో మారింది.

"డాక్టరుగారూ! ఇటు తిరిగింది!"

"ఏది తిరిగింది?"

"దీనికి కొమ్ములున్నాయండీ!"

అక్క వెనక్కి తిరిగేసరికి కుర్చీ ఖాళీ. మెడలో కట్టిన తువ్వాలుతోనే మేనేజరు ముందుగదిలోకి వచ్చి పడ్డాడు. "మా ఇంటికి ఫోన్ చెయ్యండి! నా నోట్లో ఏదో బతుకుతోంది!" వరసలో కూర్చున్న నలుగురిలో ఇద్దరు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. పిన్ని అద్దాలు సర్దుకుని లోపలికి వెళ్ళి తెరవంక చూసింది.

"ఎవరిదోగానీ, నా ఫొటో కంటే బాగా వచ్చింది," అంది.

అక్క నవ్వు ఆపుకోవడానికి మాస్కు కళ్ళదాకా లాక్కుంది. కాసేపటికి తేరుకుని, చేతులు జోడించి ఉన్న సంగతి చెప్పింది. మేనేజరు మీసాలు అదిరాయి. "ఇన్నేళ్ళ సర్వీసులో బ్రేకులు ఫెయిలయిన బస్సులో కూడా కూర్చున్నానండీ. ఎప్పుడూ ఇంత భయపడలేదు. ఇదేనా పేషెంట్లని చూసే పద్ధతి?"

"తప్పు నాదేనండీ. నేను చూసుకోవాల్సింది. కావాలంటే ఇంకో రోజు రండి."

అతను గుమ్మందాకా వెళ్ళి ఆగాడు. మెడలో తువ్వాలు తియ్యబోతూ మళ్ళీ తెరవంక చూశాడు.

"ఆ తెల్లటి కుచ్చులేంటి?"

"ఊపిరి తీసుకునేది వాటితోనట. మా తమ్ముడు చెప్పాడు."

"ఇంకా ఉన్నాయా?"

"తొమ్మిది బాగున్నాయి. మిగతావి మసక."

"మసకవి కూడా వెయ్యండి," అంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తెరవంకే చూస్తూ నోరు తెరిచాడు. సూది గుచ్చినప్పుడు కూడా అతని కళ్ళు అటే ఉన్నాయి. పన్ను శుభ్రం చేసి నింపి "అయిపోయిందండీ" అంటే, "అప్పుడేనా?" అన్నాడు. వెళ్తూ వెళ్తూ కొమ్ములున్న ఫొటో ఒకటి అడిగి తీసుకున్నాడు. "మా ఆవిడకి ఇస్తాను. నా నోట్లో తీసిందని చెప్తాను. రెండ్రోజులు నాతో మాట్లాడదు, ప్రశాంతంగా ఉంటుంది."

సాయంత్రం తమ్ముడు పిల్లిలా అడుగులేసుకుంటూ వచ్చాడు. అప్పటికే పిన్ని ఫోన్లో అంతా చెప్పేసింది. అక్క తిడుతుందనుకున్నాడు. అక్క తెర ముందు కూర్చుని ఫొటోని పెద్దది చేసి చూస్తోంది.

"ఇవి ఎంత లోతులో ఉంటాయిరా?"

"వెతికితే నడుంలోతు రాళ్ళ దగ్గర కూడా దొరుకుతాయి."

"అయితే వచ్చే ఆదివారం నేనూ వస్తాను. కెమెరా నా చేతిలో ఉంటుంది."

"ఆదివారం నాది కదక్కా!"

"సోమవారం అంత పరువు తీశావుగా. చెల్లు."

ఆదివారం ఇద్దరూ అద్దాలు, గాలి గొట్టాలు తగిలించుకుని ఒడ్డు పక్క రాళ్ళ దగ్గర దిగారు. అక్క అయిదు నిమిషాల్లో నారింజరంగు నత్తనొకదాన్ని పట్టేసింది. ఇరవయ్యేళ్ళుగా వంగి చీకట్లోకి చూడటం అలవాటైన మనిషి. చెయ్యి వణకదు, మెడ నొప్పనదు. ఇక దాన్ని వదిలితే ఒట్టు.

తమ్ముడు ఖాళీ చేతులతో పక్కన తేలుతున్నాడు. అప్పుడొచ్చింది తాబేలు. బల్లంత ఉంది. తెడ్లలాంటి కాళ్ళు తాపీగా ఆడిస్తూ నేరుగా వాళ్ళ వైపే వచ్చింది. అతను అక్క భుజం తట్టాడు. కుర్చీలో గాభరాపడే పేషెంటు చేతిని నెట్టేసినట్టు, ఆవిడ ఆ చేతిని నెట్టేసింది. మళ్ళీ తట్టాడు. మళ్ళీ నెట్టేసింది.

ఇక చేసేదేం లేక అతనే చూశాడు. మెడమీది ముడతలు, వీపుమీద పెరిగిన నాచు, తననే చూస్తూ దాటిపోయిన ఆ కన్ను. తల నుంచి తోక దాకా మొత్తం చూశాడు. అది రాళ్ళు దాటి లోతుల్లోకి దిగి, నీలంలో నీలమై కనబడకుండా పోయేదాకా చూశాడు.

అరగంట తర్వాత అక్క తల పైకెత్తింది. పెదాలు నీలంగా ఉన్నాయి, కళ్ళు మెరుస్తున్నాయి.

"ఏంట్రా, ఇందాక పిలిచావా?"

"ఏం లేదులే," అన్నాడు తమ్ముడు. "బ్యాటరీ ఇంకా ఉందా?"