ఒకే ఇంటిపేరు చెట్లు

కమిటీ పెద్దల్లారా, మన నోవై తెలుగు చర్చి వెనకున్న రెండు చెర్రీ చెట్లకూ గొడ్డువని పేరు పెట్టింది మీరే. నర్సరీవాడు తప్పు జత అంటగట్టాడు, మీరు తప్పు తీర్పు రాశారు. పార్కింగ్ కోసం జూన్ మొదటి శనివారం వాటిని నరికించాలని తీర్మానం చేశారు. నాటిన దీనమ్మను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

ఆవిడది అపార్ట్‌మెంట్ బతుకు. కోతల పండగకు కానుకల బల్ల మీద తను పెంచిందే పెట్టాలని 1977లో చర్చి స్థలంలో బింగ్ రకం మొక్క నాటింది. ఒంటరిది కాయదు, తోడు కావాలని నర్సరీవాడు రెండేళ్ళకు లాంబర్ట్ రకం అమ్మాడు. రెండూ ఏటా విరగబూస్తాయి, తేనెటీగలొస్తాయి, ఒక్క కాయ నిలవదు.

మన ఊళ్ళలో కాయని చెట్టుకు చేసినట్టు బెదిరించడమూ అయింది. ఆవిడ భర్త దేవకుమార్ గొడ్డలెత్తితే, దీనమ్మ అడ్డం నిలబడి, "వచ్చే ఏడు కాస్తుంది, వదిలెయ్యండి" అని బతిమాలింది. చర్చి పక్కింటి తెల్లావిడ హడలిపోయి బయటికొచ్చింది. ఆవిడకు కాఫీ ఇచ్చి సర్దిచెప్పింది నేనే.

ఈ ఏడు, 1985 ఏప్రిల్ చివర, పళ్ళతోటలున్న ఒక ముసలాయన అసలు సంగతి చెప్పాడు. పువ్వు తన రకం పుప్పొడిని గుర్తుపట్టి లోపలికి దిగనివ్వదట. బింగ్‌కూ లాంబర్ట్‌కూ ఆ పుప్పొడి గుర్తులు ఒకటేనట, అందుకే ఒకదానికొకటి పనికిరావట. వేరే గుర్తులున్న బ్లాక్ టార్టేరియన్ రకం కావాలన్నాడు.

దీనమ్మ హాస్పిటల్ బ్లడ్‌బ్యాంక్‌లో, ఎవరి రక్తం ఎవరికి సరిపడుతుందో చూసే పనిచేస్తుంది. "ఏమండీ, మనం క్రాస్‌మ్యాచ్ చెయ్యలేదు" అంది.

"రక్తం గోల నాకు తెలీదు గానీ, ఒకే ఇంటిపేరు వాళ్ళకి పెళ్ళి చేశామన్నమాట" అన్నాడు దేవకుమార్.

"నర్సరీకి తీసుకెళ్ళిందెవరు?"

"డ్రైవ్ చేసింది నేను. సెలెక్ట్ చేసింది నువ్వు."

ముసలాయన తన తోటలోనే పూలతో ఉన్న టార్టేరియన్ కొమ్మలు రెండు బకెట్ల నిండా కోసిచ్చాడు. కారులో ఒకటి దీనమ్మ కాళ్ళ మధ్య, ఒకటి వెనకసీట్లో నా ఒళ్ళో. ఫ్రీవే మీద వెనకాల హారన్లే హారన్లు.

"ఇంకొంచెం స్లోగా పోనివ్వండి, పూలు రాల్తాయి."

"ఇంతకన్నా స్లో అంటే పార్క్ చేసినట్టే, దీనా."

బకెట్లను నీళ్ళతోనే చెట్లకు వేలాడదీశాం. ఐదు రోజులు ఆ దంపతులు పొద్దున్నే పనికెళ్ళే ముందు వచ్చి నీళ్ళు మార్చారు. మిగతాది తేనెటీగలు చూసుకున్నాయి.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక దీనమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఆకుల చాటున బఠాణీ గింజంత పచ్చటి కాయలు.

"నూట పన్నెండు, వదినా" అంది గుసగుసగా, పక్కన పసిపిల్ల నిద్రపోతున్నట్టు.

"నూట పదకొండు" అన్నాడు దేవకుమార్, చెట్టు అవతల నుంచి. "ఒకటి నా చెయ్యి తగిలి రాలింది."

"మిమ్మల్ని ముట్టుకోమన్నదెవరు?"

ఆయన రాలిన కాయను జేబురుమాలులో చుట్టి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ తిట్టడం ఆపేసింది.

ఆ కాయలు ఎర్రబడాలంటే జూలై రావాలి. మీ రంపం జూన్‌లో వస్తోంది. ఈ ఆదివారమే ఆ తీర్మానాన్ని కొట్టెయ్యండి. మీ కార్లు వీధిలో పెట్టుకుని నాలుగడుగులు నడవండి. ఆ మూల ఒక బ్లాక్ టార్టేరియన్ మొక్క నాటించండి. ఏ రకానికి ఏది జతో చీటీ కట్టకుండా మొక్క అమ్మొద్దని నర్సరీవాడికి ఉత్తరం రాయండి. సంతకం మొదట నేను పెడతాను.