గుండెకు మంచి వంట

మొగుడు డేరియో గుండె కోసం ఆర్నెల్లా చికెన్ ముక్కను చెక్కసుత్తితో పలచగా కొడుతోంది. వేపుళ్ళు మానాలి, చీజ్ తగ్గించాలి అని డాక్టరు చెప్పినది డేరియోకి, విన్నది మాత్రం ఆర్నెల్లా. ఆయనగారు కుర్చీలో వెనక్కి వాలి, "నాదేముంది డాక్టర్, ఆవిడ ఏం పెడితే అది తింటాను" అన్నాడు. డాక్టరు ఆమెను నేరస్తురాలిని చూసినట్టు చూశాడు. రేపు మళ్ళీ ఆ గదిలోనే కూర్చోవాలి.

పొద్దుటినుంచీ బడి క్యాంటీన్‌లో వండివార్చి, ట్రామ్ దిగిన బూట్లతోనే పొయ్యి దగ్గర నిలబడింది. ఎండు రొట్టె పొడిలో నిమ్మతొక్క తురిమి, ముక్కలకు అద్ది, నూనెలో వేయించి పైన చీజ్ పరచాల్సిన చికెన్ పార్మాను ఓవెన్‌లో పెట్టింది. పైన రెండు చెంచాల టమాటా సాసు. ఈ దేశంలో జనవరి అంటే నడివేసవి, ఆ ఎండలో పెరట్లో నిలబడి అత్తాకోడళ్ళు కాచిన సాసు అది. డేరియో సీసాలకు మూతలు మాత్రం బిగించాడు. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ "నా సాసు" అని చూపిస్తాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇవాళ ట్రామ్‌లో పీనా కలిసింది. ఇటాలియన్ క్లబ్బులో వంటమనిషి. "మీ ఆయన ఆకలి మహా ఆకలి వదినా! గురువారం వస్తే చాలు, నూనెలో వేయించిన పార్మా, పైన పందిమాంసం హామ్ రెండు పొరలు, పక్కన చిప్స్ కుప్ప!" అని పకపకా నవ్వింది.

ఇవాళ గురువారమే. డేరియో వచ్చి కూర్చుని, ముక్కను ఫోర్కుతో పొడిచాడు. ముద్ద నోట్లో పెట్టకముందే చొక్కా కాలరు మీద సాసు మరక.

"ఇది పార్మానా, ఆస్పత్రి తిండా?"

అత్తగారు నున్సియాత అందుకుంది. "నా కొడుకు చిక్కి శల్యమైపోతున్నాడే! అయినా ఒంట్లో కొవ్వు దిగట్లేదంటే అంతా నీ చేతి మహిమ!"

చిక్కిపోయిన కొడుకు బెల్టు చాలక మొన్ననే చివర కొత్త చిల్లు పడింది. మేకుతో పొడిచిందీ ఆర్నెల్లాయే.

"రేపు డాక్టరుకి నువ్వే చెప్పుకో, ఏం పెడుతున్నావో" అన్నాడు డేరియో పళ్ళెం తోసేస్తూ.

"క్లబ్బులో పార్మా బాగుందా?"

అతని చెయ్యి ఠక్కున కాలరు మీదికి పోయింది. "ఏదో... స్నేహితులు బలవంతపెడితే..."

"మగాడన్నాక ఒక్క పూట తినడా?" అంది నున్సియాత.

ఆర్నెల్లాకు కోపం కూడా రాలేదు. మూతి తుడుచుకోవడం కూడా రాని ఈ మనిషి కోసమా, ఇన్నాళ్ళూ అందరూ తిన్నాక చల్లారిన ముక్క తిన్నది? రోత పుట్టింది.

"రేపు నేను రాను. మీ అమ్మను తీసుకెళ్ళు. మిగతా చికెన్ ఫ్రిజ్‌లో ఉంది, సుత్తి గట్టు మీద ఉంది. ఇక నీ గుండెకు నువ్వే వండుకో."

"వాడికి వంటేం వచ్చే?" అని నున్సియాత గుండెలు బాదుకుంది.

"మూతలు బిగించిన చేతులే కదా అత్తయ్యా, సుత్తీ పట్టుకుంటాయి" అని ఆర్నెల్లా అతని పళ్ళెం తన ముందుకు లాక్కుంది. ముక్క ఇంకా వేడిగానే ఉంది.