నాలుక మీద కాగితం

కోడికూరలో కొబ్బరి వెయ్యాలా వద్దా అని స్టవ్ దగ్గర నిలబడి ఆలోచిస్తున్నాను. వేస్తే మా ప్రార్థనలు నడిపించే దైవాశీర్వాదం గారికి పడదు, వెయ్యకపోతే మా ఆయనకి ముద్ద దిగదు. నెలకొకరి ఇంట్లో జరిగే తెలుగు ప్రేయర్ మీటింగ్ ఆ శనివారం మా వంతు. మా వంతు అంటే నా వంతు. ఆయన గరాజ్‌లోంచి మడతకుర్చీలు తెచ్చి వేస్తారు, బైబిలు చదువుతారు, అంతే. వెళ్లేటప్పుడు అందరూ "భోజనం చాలా బాగా పెట్టారండీ ఆనందబాబు గారూ" అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతారు. నేను అప్పటికి సింకు దగ్గర ఉంటాను.

ఆ రోజు పొద్దుటి నుంచీ పొత్తికడుపులో ఎడమపక్క నొప్పిగా ఉంది. కొత్తదేం కాదు. రెండేళ్ల కిందట ఏడో నెలలో నొప్పులొచ్చి, ప్రాణం లేని మగబిడ్డని కన్నాను. అప్పట్నుంచీ ఆ నొప్పి నాతోనే ఉంది. నాకు నాలుగు సీసాల రక్తం ఎక్కించి బతికించిన డాక్టరమ్మ, మళ్లీ గర్భం వస్తే ఈసారి నువ్వు దక్కకపోవచ్చు అని ఆయన ముందే చెప్పింది. కారెక్కాక ఆయన, "ఈ అమెరికా డాక్టర్లంతే, కోర్టుకి ఈడుస్తారన్న భయంతో ప్రతిదీ పెద్దది చేసి చెప్తారు" అన్నారు. తెనాలి నుంచి మా అత్తగారు కరుణమ్మ గారు ప్రతి ఉత్తరంలోనూ అదే రాస్తారు: ఇద్దరూ ఆడపిల్లలే అయితే నా కొడుకు పేరు నిలబెట్టేదెవరే వసంతకుమారీ, నీ కడుపున ఒక్క మగపిల్లాడు పడడా అని. పుట్టేది మగో ఆడో తేల్చేది తండ్రి నుంచి వచ్చే కణమేనని గుంటూరు ఆడపిల్లల కాలేజీలో ఏటా నల్లబోర్డు మీద గీసి చెప్పినదాన్ని నేను. జువాలజీ డిమాన్‌స్ట్రేటర్‌ని. ఇంట్లో ఎవరికి గీసి చూపించను?

వచ్చే గురువారం డాక్టరమ్మ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. మళ్లీ ప్రయత్నించవచ్చని ఆవిడ చేత అనిపించడానికి ఆయనే తీసుకున్నారు. "నొప్పీ గిప్పీ అని మొదలుపెట్టకు, బాగానే ఉందని చెప్పు" అని ముందే చెప్పి ఉంచారు. నేను తలూపాను. ఆయన మాటకి తలూపడం నాకు ఊపిరి తీసుకున్నట్టే అలవాటైపోయింది.

పనిలోనూ అంతే. ఫ్రీమాంట్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డుల్లో లోపాలు వెతుకుతాను, మైక్రోస్కోప్‌లో. ఒకప్పుడు కాలేజీలో అలాంటి మైక్రోస్కోప్‌లోనే పిల్లలకి అమీబాలు చూపించేదాన్ని. ఇండియా డిగ్రీ ఇక్కడ చెల్లదన్నారు. నా పేరు పలకలేక సూపర్‌వైజర్ "వాస్" అని పిలుస్తాడు. వాస్ ఎప్పుడూ కంప్లైంట్ చెయ్యదు, మీరూ నేర్చుకోండి అని పక్క బల్లల వాళ్లకి చెప్తాడు. స్టూలు ఎత్తు తగ్గించమని అడగాలని నాకు ఏడాదిగా ఉంది.

పెద్దమ్మాయి లూసీ ఆ ఏడే హైస్కూల్లో బయాలజీ క్లాసులో చేరింది. 1983 సెప్టెంబరులో పిల్లల తల్లిదండ్రుల్ని ఒక సాయంత్రం స్కూలుకి పిలిచారు. "బయాలజీయేగా, నువ్వెళ్లు. మ్యాథ్స్ అయితే నేనెళ్లేవాణ్ణి" అన్నారు ఆయన. మిసెస్ నోవాక్ అని నెరిసిన జుట్టు టీచరు, ఈ ఏడాది మీ ఇంట్లో ఏం జరగబోతోందో చెప్తాను వినండి అని నవ్వించింది. కప్పల్ని కోసిన రోజు బట్టలు వాసనేస్తాయి, వారం దాకా పిల్లలు చికెన్ ముట్టరు. ఒళ్లు ఎలా పనిచేస్తుందో నేర్చుకున్నాక మీ సిగరెట్ల మీద దండయాత్ర చేస్తారు. తర్వాత జెనెటిక్స్. అప్పుడు మీ మీదే చిన్న చిన్న పరీక్షలు చేస్తారు. "దయచేసి నిజం చెప్పండి. మర్యాద కోసం మీరిచ్చే జవాబు నా క్లాసులో ఇంకెవరికో కష్టం తెస్తుంది" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను. వచ్చేటప్పుడు గది వెనక అరలో ఫార్మలిన్ సీసాల దగ్గర కాసేపు నిలబడ్డాను. ఆ ఘాటుకి ముక్కు మండింది, ప్రాణం లేచొచ్చింది.

సరే, ఆ శనివారం. పాటలు అయ్యాయి. మా ఆయన లేచి, "ఎప్పట్లాగే మా కుటుంబం కోసం ప్రార్థించండి. గురువారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. ప్రభువు ఒక కుమారుణ్ణి దయచెయ్యాలని" అన్నారు. దైవాశీర్వాదం గారు కళ్లు మూసుకుని, "తండ్రీ, మా సహోదరి వసంతకుమారి గర్భాన్ని ముట్టు ప్రభువా" అని గొంతెత్తారు. ఇంటినిండా జనం ఆమెన్ అన్నారు. నా గర్భం గురించి ఇంతమంది దేవుడితో మాట్లాడారు, ఒక్కరూ నాతో మాట్లాడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. చిన్నది శాంతి నా చీర కుచ్చిళ్లు పట్టుకుని "మమ్మీ, వాట్ ఈజ్ గర్భం?" అని అడుగుతోంది.

భోజనాలకి లేచేలోపు లూసీ చిన్న కవరు పట్టుకుని హాల్లోకి వచ్చింది. కవర్లో గోరంత వెడల్పు తెల్లకాగితం ముక్కలున్నాయి.

"అంకుల్, ఆంటీ, ఇది నా బయాలజీ హోమ్‌వర్క్. ఇది నాలుక మీద పెట్టుకోవాలి. కొంతమందికి చేదు తెలుస్తుంది, కొంతమందికి తెలీదు. పేరెంట్స్ నుంచి వస్తుంది అది" అంది తన అమెరికా యాసలో. తను ముందే స్కూల్లో పెట్టుకుందట, "యక్, హారిబుల్" అని మొహం చిట్లించింది.

ఆ కాగితం సంగతి నేను చదువుకున్నాను. గుంటూరులో మా ల్యాబ్‌కి ఎప్పుడూ రాలేదు. ఆశగా ఒకటి తీసుకున్నాను. మా ఆయన ఒకటి నమిలి, "ఉత్త కాగితం. ఏం లేదు" అన్నారు. దైవాశీర్వాదం గారు కూడా, "మాకేం తెలీడం లేదమ్మా" అన్నారు. ఒకళ్లిద్దరు ఆడవాళ్లు ఛీ చేదు అని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన గట్టిగా నవ్వి, "ఇది సైకాలజీ టెస్టయ్యా. చేదుంటుందని ముందే చెప్తే ఆడవాళ్లకి చేదనిపిస్తుంది. మా వసంత సంగతి సరేసరి, కడుపులో గాలి కదిలినా నొప్పంటుంది" అన్నారు. అందరూ నవ్వారు. "ఏం వసంతా, నీకూ చేదేనా?"

అప్పటికి కాగితం నా నాలుక మీద ఉంది. మలేరియా మాత్ర నమిలినట్టుంది. చేదు గొంతులోకి దిగి చెవుల్లోంచి వస్తోంది. ఆయన నవ్వుతున్నారు, కళ్లు మాత్రం నవ్వడం లేదు. పదిమందిలో మొగుడి మాట కాదనకూడదని మాకు సండే స్కూల్లో వేరే పాఠం చెప్పక్కర్లేదు, మా అమ్మని చూసి నేర్చుకున్నాం.

"లేదండీ. ఏం లేదు" అని కాగితం మింగేశాను.

"చూశారా! రాసుకో లూసీ. డాడీ నో, మమ్మీ నో."

ఆ సాయంత్రం కూరలో ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలియలేదు. నోరంతా చేదు.

మంగళవారం లూసీ స్కూలు నుంచి వచ్చి సంచీ విసిరేసింది. కళ్లు వాచి ఉన్నాయి.

"మమ్మీ, యామ్ ఐ అడాప్టెడ్?"

నన్ను పెంచుకున్నారా అని ఎందుకు అడుగుతోందో అర్థం కాలేదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. క్లాసులో అందరి ఇళ్ల జవాబులూ బోర్డు మీద రాశారట. తండ్రికీ తల్లికీ ఇద్దరికీ చేదు తెలియకపోతే పిల్లలకి తెలిసే అవకాశం లేదని పాఠం. లూసీకి తెలుస్తుంది. వెనక బెంచీ కుర్రాడొకడు, లూసీ అసలు తండ్రి పోస్ట్‌మాన్ అయి ఉంటాడని అన్నాడట. క్లాసంతా ఒకటే నవ్వు. మిసెస్ నోవాక్ వాణ్ణి బయటికి పంపి, ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది, ఇంట్లో మళ్లీ అడుగు అందట. నేనే పిల్లని నలుగురిలో అలా నిలబెట్టానని నోరు తెరిచి చెప్పేలోపే ఆయన కారు చప్పుడైంది. భయంతో, తర్వాత చెప్తాలే అన్నాను.

పదిహేనేళ్ల పిల్ల ఆగుతుందా? అన్నం దగ్గర ఆయన్నే అడిగేసింది. ఆయన నవ్వేస్తారనుకున్నాను. నవ్వలేదు. ఇంజినీరు కదా, ఆ సూత్రం మళ్లీ చెప్పమన్నారు. "ఇద్దరికీ లేకపోతే పిల్లకి రాదా? అసలు రానే రాదా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత లూసీ మొహం కేసి చూశారు. ముక్కు, చెవులు, నుదురు. ఆ తర్వాత నా కేసి.

"లూసీ పుట్టకముందు నేను హైదరాబాదులో, నువ్వు గుంటూరులో కదూ" అన్నారు, మామూలుగా. "మీ డిపార్ట్‌మెంట్‌లో శ్యామ్‌సుందర్ అని ఒకాయన ఉండేవాడు కదా. ఆయనేనా నీకు ల్యాబ్‌లో అన్నీ నేర్పించింది?" అని, "పెరుగు ఇటివ్వు" అన్నారు.

పెరుగు గిన్నె ఆయన ముందు పెట్టాను. పిల్లలిద్దరూ ముద్ద ఆపేసి చూస్తున్నారు.

"నాకు చేదు తెలిసింది. ఆ రోజు అబద్ధం చెప్పాను" అన్నాను.

"ఎందుకు చెప్పావు?"

"మీరు ఏం లేదన్నారు కాబట్టి."

"అంటే అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్తున్నదా?"

లూసీ కవర్లో ఒక ముక్క మిగిలుంది. తెచ్చి ఆయన ముందే నాలుక మీద పెట్టుకున్నాను. కళ్ల వెంట నీళ్లొచ్చాయి, డోకొచ్చింది. తిన్న అన్నం బయటికొస్తుందేమోనని నోరు మూసుకున్నాను. ఆయన చెయ్యి కడగడానికి లేస్తూ, "యాక్టింగ్ బాగానే ఉంది" అన్నారు.

"డాడీ, మీకు తెలీదు కదా ఆ టేస్ట్" అంది లూసీ. దాని గొంతులో కోపం కూడా లేదు, ల్యాబ్‌లో మాట్లాడినట్టే మాట్లాడింది. "మీ నాలుకకి లేదు. మరి మమ్మీ యాక్ట్ చేస్తోందని మీకెలా తెలుసు?"

పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి అదేనా అని ఆయన కేకలేసి, తలుపు వేసుకుని గదిలోకి వెళ్లిపోయారు. గిన్నెలు కడుగుతుంటే లూసీ పక్కకొచ్చి నిలబడింది.

"వై డిడ్ యు సే నో, మమ్మీ? ఇట్స్ జస్ట్ పేపర్."

"అందరి ముందు డాడీ మాట కాదనలేకపోయానమ్మా. నాదే తప్పు."

అది మళ్లీ అడిగింది. "ఇంకా వేటికి ఇలా నో చెప్పావు?"

కుళాయి కట్టేశాను. దానికి జవాబు చెప్పాలంటే పెళ్లయిన రోజు నుంచీ మొదలుపెట్టాలి. బాగానే ఉన్నాను, ఆకలి లేదు, అలసట లేదు, కాలేజీ మానెయ్యడం నాకేం కష్టం కాదు, నొప్పి లేదు. కాగితం మింగినట్టు అన్నీ మింగాను. ఆయనకి చేదు తెలియకపోవడం ఆయన తప్పు కాదు, పుట్టుకతో వచ్చింది. కానీ ఆయనకి తెలియనిది లోకంలోనే లేదని నేను ఇన్నాళ్లూ సాక్ష్యం చెబుతూ వచ్చాను. పిల్లని దగ్గరికి తీసుకుని ఏడ్చాను.

బుధవారం గంట ఆలస్యంగా పనికొస్తానని ఫోన్ చేసి లూసీతో స్కూలుకి వెళ్లాను. మిసెస్ నోవాక్‌కి నా నోటితో నేనే చెప్పాను. ఆవిడ ఏమీ తవ్వి అడగలేదు. బోర్డు మీద మా గడిలో ఒక "నో" చెరిపి "యస్" రాసింది. దాంతో లూసీ మళ్లీ మా పిల్ల అయింది.

గురువారం పొద్దున కారులో ఆయన నా భుజం తట్టారు. "మొన్న అన్నం దగ్గరేదో జోక్ చేశాను, మనసులో పెట్టుకోకు" అన్నారు, నన్ను క్షమించినట్టు. "లోపల మాత్రం బాగానే ఉందని చెప్పు. ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు."

డాక్టరమ్మ నా పాత రిపోర్టులు తిరగేసి, ఇప్పుడెలా ఉంది, నొప్పేమైనా ఉందా అని అడిగింది.

"నో పెయిన్, డాక్టర్" అన్నారు ఆయన. "షీ ఈజ్ వెరీ హెల్తీ. వి ఆర్ రెడీ టు ట్రై."

ఆవిడ రాసుకోబోతోంది. ఆయన పక్కన కూర్చుని ఇంగ్లీషులో నేను అప్పటిదాకా పెద్ద మాట ఏదీ మాట్లాడలేదు.

"నొప్పి ఉంది" అన్నాను ఇంగ్లీషులోనే. "రెండేళ్ల నుంచీ ఉంది. ఆయనకి తెలియదు, నా ఒంటికి తెలుసు."

"వసంతా!" అన్నారు ఆయన తెలుగులో. "ఏమిటా మాటలు?"

"నాకింక పిల్లలు వద్దు. మళ్లీ గర్భం రాకుండా ఆపరేషన్ చెయ్యండి. నా సంతకం ఒక్కటే చాలా?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నన్నే చూసింది. చాలు అంది.

"అయితే ఆయన్ని బయట కూర్చోమనండి" అన్నాను.

ఆయన వెళ్లాక తలుపు మూసింది. నొప్పి ఎక్కడో చూపించమంది. చెయ్యి అక్కడ పెట్టి చూపించాను.